మీట మీద వేలు



2022 ఏప్రిల్ 4న రాజాం ఉన్నచోటే ఉండి జిల్లా మారింది. ముందురోజు వరకు శ్రీకాకుళం జిల్లా, ఆ రోజు నుంచి విజయనగరం జిల్లా. రాజాంతో పాటు రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు కూడా విజయనగరంలో కలిశాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం కొత్తగా ఏర్పడ్డ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. రోడ్డు పక్క బోర్డులు రాసేవాళ్ళకు దీంతో కొంత పని దొరికింది. కంప్యూటర్లో జాబితాలు దాచుకున్నవాళ్ళకు అంతకంటే పెద్ద పని పడింది. బడిపిల్లల చిరునామాలు, ఎరువుల కొట్టులో ఖాతాదారుల పేర్లు, కాలేజీ లెటర్‌హెడ్డు, చిట్టీల లెక్క, పెళ్ళిపత్రికల దుకాణంలో ఏళ్ళ తరబడి దాచిన పాత మేటరు... దేన్ని తెరిచినా అందులో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది.

అలాంటి జాబితా ఒకటి మీ ముందుంది, అందులో వెయ్యి చిరునామాలున్నాయి అనుకోండి. ఒక్కో వరుస దగ్గరికి మౌస్ తీసుకెళ్ళి, పాత పేరు చెరిపి, కొత్త పేరు కొడుతూ కూర్చుంటే పొద్దు గూకుతుంది. తెలిసినవాళ్ళు కంట్రోల్ మీట నొక్కిపట్టి హెచ్ కొడతారు. ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. పై గడిలో వెతకాల్సిన మాట, కింది గడిలో దాని బదులు పెట్టాల్సిన మాట కొట్టి, రీప్లేస్ ఆల్ అంటే వెయ్యి చోట్లా ఒకేసారి మారిపోతుంది.

కొంచెం ఆగండి. పై గడిలో శ్రీకాకుళం అని ఒక్క మాటే కొడితే ఏమవుతుందో చూశారా? ఆమదాలవలసలో ఉన్న మన రైల్వే స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్. అది కాస్తా విజయనగరం రోడ్ అయి కూర్చుంటుంది. పోనీ, శ్రీకాకుళం జిల్లా అని రెండు మాటలూ కలిపి వెతికామనుకుందాం. అదే జాబితాలో ఎచ్చెర్లవాళ్ళు కూడా ఉంటే? ఎచ్చెర్ల శ్రీకాకుళంలోనే ఉంది, వాళ్ళనీ జిల్లా దాటించేస్తాం. అందుకే ముందు మండలాల వారీగా ఏరుకోవాలి. ఎక్సెల్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎల్ మూడూ కలిపి నొక్కితే ప్రతి నిలువు వరుస నెత్తిన ఒక బాణం గుర్తు వస్తుంది. మండలం వరుసలో ఆ బాణం నొక్కి మారిన నాలుగు మండలాలనే ఎంచుకుంటే, అవే తెర మీద మిగులుతాయి. వాటిని మాత్రమే ఎంపిక చేసుకుని, అప్పుడు కంట్రోల్ హెచ్. అంతా అయ్యాక తేడా కనిపిస్తే కంట్రోల్ జెడ్, చేసిన పని వెనక్కి వచ్చేస్తుంది. మీట వేగం ఇస్తుంది, తప్పును కూడా అంతే వేగంగా వెయ్యి చోట్లకు పంచుతుంది. అందుకని కంట్రోల్ జెడ్ నేర్చుకున్నాకే కంట్రోల్ హెచ్ జోలికి వెళ్ళమంటాను.

కంప్యూటర్ మీద పని చేసేటప్పుడు మౌస్ వదిలి మీటలతో నడిపించడం ఎప్పుడు లాభం, ఎప్పుడు కాదు, మన జిల్లాల్లో ఎవరికి ఎక్కువ అవసరం అన్నది ఈ పూట మాట్లాడుకుందాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంగతి వదిలేస్తాను, వాళ్ళకు నేను చెప్పాల్సింది లేదు. నేను తలుచుకుంటున్నది గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని, మీసేవ కేంద్రంలో కూర్చునే అమ్మాయిని, పలాసలో జీడిపప్పు కొట్టు లెక్కలు రాసే గుమస్తాని, కోర్టు ఎదురుగా దస్తావేజులు కొట్టే టైపిస్టుని.

సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. అంతకుముందు మండలాఫీసు దాకా వెళ్ళి చేయించుకోవాల్సిన దరఖాస్తు పని ఊళ్ళోకి వచ్చింది. దాంతో పాటు బల్లకు అటూ ఇటూ ఇద్దరు మనుషులు వచ్చారు. అటువైపు కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగి. ఇటువైపు పని మానుకుని వచ్చి నిలబడ్డ ముసలాయన. ఆయనకు కంప్యూటర్ లోపల ఏం జరుగుతోందో తెలీదు. కనిపించేదల్లా ఆ బాబు చెయ్యి మౌస్‌ని బల్ల మీద అటూ ఇటూ జరపడమే. కాసేపు చూసి, "ఏటి బాబూ, ఇంకా అవ్వలేదేటి?" అంటాడు. ఆ మాటలో విసుగు ఉండదు, సాయంత్రం బస్సు బెంగ ఉంటుంది. మీటల వేగం నిజంగా చేరాల్సింది ఆయనకే.

ఆ దరఖాస్తు ఫారాల్లో పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఊరు అంటూ గడులు వరసగా ఉంటాయి. ఒక గడి నిండాక చాలామంది కీబోర్డు వదిలి మౌస్ అందుకుని, తర్వాతి గడిలో నొక్కి, మళ్ళీ కీబోర్డు మీదికి వస్తారు. ఇరవై గడులుంటే ఇరవై సార్లు చెయ్యి ప్రయాణం. ఎడమ చిటికెన వేలి పక్కనే ట్యాబ్ అని ఒక మీట ఉంది. దాన్ని కొడితే తర్వాతి గడి, షిఫ్ట్‌తో కలిపి కొడితే వెనకటి గడి. జిల్లా, మండలం ఎంచుకునే పొడుగు జాబితా వస్తే కిందికి జరుపుకుంటూ పోనక్కర్లేదు, చాలా ఫారాల్లో పేరులోని మొదటి రెండు మూడు అక్షరాలు గబగబా కొడితే ఆ పేరు దగ్గరికే వెళ్ళి ఆగుతుంది. చూపు కాగితం మీద ఉంటుంది, వేళ్ళు కీబోర్డు మీద ఉంటాయి. తప్పులు తగ్గేది కూడా ఇక్కడే. కాగితం నుంచి తెరకు, తెర నుంచి మౌస్‌కు, మౌస్ నుంచి కాగితానికి చూపు తిరిగే కొద్దీ ఆధార్ నంబరులో ఒక అంకె జారిపోతుంది.

ట్యాబ్ మీట కంప్యూటర్‌తో పుట్టింది కాదు. టైపు మిషను మీద అంకెల పట్టీలు వరుసగా రావడానికి పెట్టిన మీట అది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. విజయనగరంలో గానీ, శ్రీకాకుళంలో గానీ, బొబ్బిలిలో గానీ ఒక తరం ఇంటర్ సెలవుల్లో ఆ రేకుల షెడ్లలో కూర్చుంది. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె అని మొదటి పాఠం. వేళ్ళు చూసుకుంటూ కొడితే మాస్టారు ఊరుకునేవారు కాదు. సాంకేతిక విద్యామండలి పెట్టే పరీక్షలో ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45 మాటలు రావాలి. ఆ సర్టిఫికెట్టుతో ఉద్యోగం వచ్చినవాళ్ళున్నారు, రానివాళ్ళున్నారు. ఆ పది వేళ్ళ అలవాటు మాత్రం ఎవరికీ వృథా పోలేదు. ఇప్పటి కంప్యూటర్ కోర్సుల్లో చాలాచోట్ల మొదటి రోజే మౌస్ చేతికిస్తారు, బొమ్మలు గీయిస్తారు. వేళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. ఇది నాకు నచ్చదు. అక్షరాలే వెతుక్కుంటున్నవాడికి మీటల జంటలు నేర్పి ఏం లాభం?

అన్నిటికంటే ఎక్కువ వాడే నాలుగు మీటలు కీబోర్డు మీద ఎడమవైపు కింది వరుసలో పక్కపక్కనే ఉన్నాయి. జెడ్, ఎక్స్, సి, వి. అవి అక్కడ అలా కుదరడం వెనక ఒక మనిషి ఉన్నాడు. లారీ టెస్లర్. 1970ల్లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో, టిమ్ మాట్ అనే సహోద్యోగితో కలిసి, పుస్తకాల సంపాదకులు వాడడానికి జిప్సీ అనే ప్రోగ్రామ్ తయారుచేశాడు. కత్తెరతో కాగితం కత్తిరించి, జిగురుతో ఇంకోచోట అంటించే ప్రెస్సు పనినే తెర మీదికి తెచ్చి, కట్, కాపీ, పేస్ట్ అన్నాడు. తర్వాత ఆపిల్ కంపెనీకి వెళ్ళాడు. 1983లో వచ్చిన ఆపిల్ లీసా కంప్యూటర్లో ఈ నాలుగు మీటలూ కుదురుకున్నాయి. సి అంటే కాపీ, అందులో వింత లేదు. ఎక్స్ అంటే కొట్టివేత గుర్తు. ఇక వి సంగతి. రాతలో ఒక మాట మరిచిపోతే మనవాళ్ళు హంసపాదు పెట్టి పైన రాసేవారు కదా, ఇంగ్లీషు ప్రూఫు దిద్దేవాళ్ళకూ అలాంటి గుర్తే ఉంది. దాన్ని తలకిందులు చేస్తే వి. ఇక్కడ చొప్పించు అని అర్థం. చేసిన పని రద్దు చేసే జెడ్ వాటి పక్కనే ఉంది. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆయన పేరు ఎన్నడూ వినని కోట్లమంది రోజూ ఆయన మీటలు కొడుతున్నారు.

అలాగే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కడం ఐబీఎం ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ పెట్టినది. పొరపాటున చెయ్యి తగిలి కంప్యూటర్ మళ్ళీ మొదటికి రాకూడదని, దూరదూరంగా ఉన్న మూడు మీటలు కావాలనే ఎంచాడు.

ఇంతకీ మౌస్ కంటే మీట వేగమని ఎవరన్నారు? ఇది కొలిచినవాళ్ళున్నారు. 1980లో స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరన్, ఆలెన్ న్యూవెల్ అనే ముగ్గురు ఒక లెక్క ప్రచురించారు. చెయ్యి తిరిగిన టైపిస్టు ఒక మీట కొట్టడానికి సుమారు 0.2 సెకను. మౌస్‌తో తెర మీద ఒక చోటు చూపించడానికి 1.1 సెకన్లు. కీబోర్డు నుంచి మౌస్‌కు, మౌస్ నుంచి కీబోర్డుకు చెయ్యి మారిన ప్రతిసారీ 0.4 సెకను. దీన్ని మన పనికి అన్వయించి చూడండి. మెనూ తెరిచి కాపీ చెయ్యాలంటే చెయ్యి మౌస్ మీదికి వెళ్ళాలి, మెనూ చూపించి నొక్కాలి, అందులో కాపీ అన్న మాట చూపించి నొక్కాలి, చెయ్యి వెనక్కి రావాలి. అన్నీ కూడితే 3.4 సెకన్లు. కంట్రోల్ సి అంటే రెండు మీటలు, 0.4 సెకను. తేడా మూడు సెకన్లు. మూడు సెకన్లలో ఏముంది అనిపిస్తుంది. రోజుకు రెండు వందల సార్లు కాపీ, రెండు వందల సార్లు పేస్ట్ చేసే గుమస్తాకు అది 1,200 సెకన్లు. ఇరవై నిమిషాలు.

అయితే ఈ లెక్కకు ఎదురు చెప్పినవాడు కూడా చిన్నవాడేం కాదు. ఆపిల్ కంపెనీలో పనిచేసిన బ్రూస్ టాగ్నజీని 1989లో రాసిన మాట ఇప్పటికీ వాదానికి పనికొస్తుంది. మీటలే వేగమని వాడేవాళ్ళందరూ చెబుతారు, గడియారం పెట్టి చూస్తే మాత్రం మౌసే గెలుస్తోంది అన్నాడు. ఎందుకంటే ఆ పనికి ఏ మీట అని గుర్తు తెచ్చుకోవడానికి మనసుకు సమయం పడుతుంది, ఆ ఆలోచనలో పడి గడిచిన సెకన్లు మనకు తెలియవు. ఆలోచన మాట పై ముగ్గురి లెక్కలో కూడా ఉంది, ఒక్కోదానికి 1.35 సెకన్లు వేశారు. గుర్తు తెచ్చుకోవాల్సి వస్తే మీటకు ఉన్న ఆధిక్యం సగం దాకా పోతుంది, ఎంతకూ గుర్తు రాకపోతే మొత్తం పోతుంది.

నా దృష్టిలో ఇద్దరి మాటా నిజమే. తేడా అంతా ఆ మీట వేలికి అలవాటైందా, తలకు మాత్రమే తెలుసా అన్న దగ్గర ఉంది. నెలకోసారి చేసే పనికి మెనూయే మంచిది, వెళ్ళి చూసుకుని నొక్కండి, నామోషీ ఏం లేదు. రోజుకు యాభై సార్లు చేసే పనికి మీట లేకపోతేనే తప్పు. వాట్సాప్‌లో తిరిగే నూరు షార్ట్‌కట్ల పట్టికలు ఉన్నాయి చూశారూ, వాటితో ఎవరూ బాగుపడినట్టు నాకు కనిపించలేదు. పంపినవాడూ చదవడు, అందుకున్నవాడూ చదవడు.

మరి ఏళ్ళ తరబడి పని చేస్తే మీటలు వాటంతట అవే అలవాటవుతాయా? కావు. 2005లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వర్డ్ ప్రోగ్రామ్‌లో అనుభవమున్న 251 మందిని అడిగి చూశారు. ఎక్కువమంది అప్పటికీ పైన ఉండే బొమ్మల్నే నొక్కుతున్నారు. ఒక పద్ధతిలో పని జరిగిపోతుంటే మనిషి ఇంకో పద్ధతి వెతకడు. ఎవరైనా పక్కన కూర్చుని చెప్పాలి, లేదా పని ఒత్తిడి నేర్పాలి.

పని ఒత్తిడి నేర్పిన చోటు చూడాలంటే పలాస వెళ్ళాలి. పలాస, కాశీబుగ్గ అంటే జీడి పిక్కల వ్యాపారం. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు రైతు పిక్కల్ని 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. పప్పు అయ్యాక దానికి గ్రేడ్లు. 180, 210, 240, 320. అంకె చిన్నదైతే పలుకు పెద్దది, పౌనుకు ఎన్ని పలుకులు తూగుతాయన్నదే ఆ అంకె. ఇన్ని గ్రేడ్లు, ఇంతమంది రైతులు, ఊరూరా కొనే వ్యాపారులు. ఇలాంటి లెక్కలు రాసే గుమస్తాలకు దేశమంతటా తెలిసిన ప్రోగ్రామ్ ట్యాలీ.

ట్యాలీ మన దేశంలో పుట్టింది. బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారి తన లెక్కలకు సరిపడే ప్రోగ్రామ్ దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్‌ని తయారు చెయ్యమన్నాడు. 1986 నాటి మాట. అప్పటి కంప్యూటర్లు డాస్ మీద నడిచేవి, మామూలు కొట్టులో మౌస్ ఎక్కడిది? కాబట్టి పనంతా మీటలతోనే జరిగేలా కట్టారు. మౌస్ వచ్చాక కూడా ఆ కట్టుబడి మార్చలేదు. అది వాళ్ళ తెలివి అనాలి. ఎఫ్ 4 కాంట్రా, ఎఫ్ 5 చెల్లింపు, ఎఫ్ 6 రాబడి, ఎఫ్ 7 జర్నల్, ఎఫ్ 8 అమ్మకం, ఎఫ్ 9 కొనుగోలు. తేదీ మార్చాలంటే ఎఫ్ 2. బిల్లు కొడుతుండగా కొత్త ఖాతాదారు వస్తే ఆ బిల్లు వదలకుండానే ఆల్ట్ సి కొట్టి ఖాతా తెరవొచ్చు. అంతా అయ్యాక కంట్రోల్ ఎ. ట్యాలీలో అది భద్రపరచమని, మిగతా చాలాచోట్ల కంట్రోల్ ఎ అంటే అంతా ఎంపిక చెయ్యమని. ఈ ఒక్కదాని దగ్గర కొత్తవాళ్ళు తికమక పడతారు.

ట్యాలీ వచ్చిన గుమస్తాలు పని పేరు చెప్పరు, మీట పేరు చెబుతారు. "ఎఫ్ 8లో వెయ్యి" అంటే అమ్మకం కింద రాయమని. పుస్తకం చదివి నేర్చుకున్నది కాదది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక నెలనెలా రిటర్నుల గడువు తరుముతుంటే కొట్లల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో వేళ్ళకు ఇంకా పదును వచ్చింది. 2020లో ట్యాలీ ప్రైమ్ అని తెర రూపం మార్చి తెచ్చినప్పుడు కూడా ముఖ్యమైన ఆ ఎఫ్ మీటల్ని కదపలేదు. కదిపి ఉంటే దేశమంతా గగ్గోలు పెట్టేది. డిగ్రీ చదివి కంప్యూటర్ ఉద్యోగం అని వెతుక్కునే మన పిల్లలు, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పాత గుమస్తా ట్యాలీ కొట్టే తీరు ఒక పూట పక్కన కూర్చుని చూడాలి. ఆయన కీబోర్డు కేసి చూడడు.

ఎక్సెల్‌లో లెక్కలు వేసుకునేవాళ్ళకు మూడే మూడు చెబుతాను. కంట్రోల్ నొక్కి సెమికోలన్ కొడితే ఈ రోజు తేదీ గడిలో పడుతుంది. ఆల్ట్ నొక్కి ఈక్వల్ కొడితే పై అంకెలన్నీ కూడి మొత్తం వస్తుంది. పై గడిలో ఉన్నదే కింద కూడా కావాలంటే కంట్రోల్ డి. ఒకే మండలం పేరు, ఒకే ఎరువు పేరు రోజంతా కొట్టేవాళ్ళకు ఈ మూడోది వరం.

ఇప్పుడు తెలుగు టైపు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే మీటల సుఖమంతా ఇంగ్లీషువాళ్ళదే అనే అపోహ ఒకటి ఉంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఒకసారి చేర్చుకుంటే విండోస్ మీట నొక్కి స్పేస్ బార్ కొట్టగానే ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారుతుంది. అందులో ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక ఉంది. 1991లో భారత ప్రమాణాల సంస్థ ప్రకటించిన ప్రమాణంలో ఉన్నదే. ఎడమచేతి కింద అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడిచేతి కింద ఎక్కువగా హల్లులు. ఒక చెయ్యి, ఇంకో చెయ్యి అలా మారుతూ పోతుంది. విజయనగరం అని కొట్టాలంటే వకారం, గుడి, జ, య, న, గ, ర, సున్న. ఎనిమిది మీటలు. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పన్నెండు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునే పద్ధతి సులువు, కాదనను, ఫోనుకు అదే బాగుంటుంది. రోజంతా తెలుగులో అర్జీలు, ప్రొసీడింగ్సులు కొట్టే మనిషి మాత్రం నెల రోజులు ఓపిక పట్టి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటే తర్వాత నడిచే దారి తగ్గుతుంది.

ఇంకో చిక్కు ఉంది. మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో కొట్టారు. పెళ్ళిపత్రికలు, సావనీర్లు, కరపత్రాలు అన్నీ అవే. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు గజిబిజి గుర్తులు వస్తాయి. యూనికోడ్ తెలుగులో, అంటే పైన చెప్పిన విండోస్ కీబోర్డుతో, రాజాం అని కొట్టి కంట్రోల్ ఎఫ్‌తో వెతికితే, పాత ఫైల్లో నూరు చోట్ల రాజాం ఉన్నా ఒక్కటి కూడా దొరకదు. కళ్ళకు రెండూ తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అవి వేరువేరు గుర్తులు. మొదట చెప్పిన జిల్లా మార్పు పని కూడా యూనికోడ్‌లో ఉన్న జాబితాకే సులువు. అలాగే శ్రీకాకుళం అని ఒకరు, శ్రీకాకుళము అని ఇంకొకరు కొట్టిన జాబితాలో వెతుకులాట ఒకదాన్ని పట్టి ఇంకోదాన్ని వదిలేస్తుంది. ఆఫీసులో నలుగురు ఒకే జాబితా కొడుతుంటే ఊళ్ళ పేర్లు ఎలా రాయాలో ముందే ఒక మాట అనుకోవాలి. అది అనుకోకపోతే ఏ మీటా ఆదుకోదు.

మన తీరంలో ఉండేవాళ్ళు మరవకూడనిది, కొట్టినదాన్ని భద్రపరిచే కంట్రోల్ ఎస్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటల్ని పడగొట్టింది, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత పెద్ద గాలి అక్కర్లేదు, వేసవిలో మామూలు కోత చాలు. కరెంటు చెప్పి పోదు. యూపీఎస్ బ్యాటరీ పాతదైతే అది కూడా చెప్పదు. ఒక పేరా అవ్వగానే, ఒక పది వరుసలు నిండగానే ఎడమచేత్తో కంట్రోల్ ఎస్ కొట్టడం వేలికి అలవాటు కావాలి.

నలుగురు వాడే కంప్యూటర్ల దగ్గర ఇంకో మీట ఉంది, విండోస్ ఎల్. సీట్లోంచి లేచేటప్పుడు అది కొడితే తెర మూతపడుతుంది, పాస్‌వర్డ్ ఇస్తే గానీ తెరుచుకోదు. మీ తెర మీద ఎవరిదో ఆధార్ నంబరు, ఎవరిదో బ్యాంకు ఖాతా ఉంటుంది. టీకి వెళ్ళే పది నిమిషాలు దాన్ని అందరికీ చూపించే హక్కు మనకు లేదు. విండోస్ వి అని ఇంకోటుంది. ఇంతకుముందు కాపీ చేసినవాటిని వరుసగా చూపిస్తుంది, 2018 నుంచి విండోస్ 10లో వచ్చింది. చాలా ఉపయోగం, అంతే ప్రమాదం. పక్కవాళ్ళు అది తెరిస్తే మీరు కాపీ చేసిన నంబర్లు వాళ్ళకూ కనిపిస్తాయి. కంప్యూటర్ మీ ఒక్కరిదీ కాకపోతే దాని జోలికి పోకండి, వాడితే పని అయ్యాక అందులోనే క్లియర్ ఆల్ కొట్టండి.

ఇంతవరకు వేగం కోసం మీటలు అన్నాను. వేగంతో పనిలేకుండా మీటలే ఆధారమైనవాళ్ళు ఉన్నారు. చూపు లేనివాళ్ళకు మౌస్ బాణం ఎక్కడుందో కనిపించదు కదా. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్‌లు వాళ్ళకు ఉన్నాయి. ఎన్‌వీడీఏ అనేది ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, జేమ్స్ టే అతనితో చేరాడు, ఇద్దరూ చూపు లేనివాళ్ళే. దాంట్లో తెలుగు కూడా చదివించుకోవచ్చు. ఇన్‌సర్ట్ నొక్కి టి కొడితే ఏ కిటికీలో ఉన్నామో చెబుతుంది. వెబ్ పేజీలో హెచ్ కొడుతూ పోతే శీర్షిక నుంచి శీర్షికకు దూకుతుంది. అలాగే ఒక చేత్తోనే పని చేసేవాళ్ళు రెండు మీటలు కలిపి నొక్కలేకపోతే, షిఫ్ట్ మీట వరుసగా ఐదుసార్లు కొట్టాలి. స్టిక్కీ కీస్ కావాలా అని అడుగుతుంది. సరే అంటే మీటల్ని ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా చాలు. మనలో చాలామంది ఆ పెట్టె పొరపాటున వస్తే విసుక్కుని మూసేస్తాం, అది ఎవరి కోసం పెట్టారో తెలీక. ప్రభుత్వ సైట్లు తయారుచేసేవాళ్ళు మీటలతో అందని బొమ్మ బటన్లు పెడితే నష్టపోయేది ముందుగా వీళ్ళే. మౌస్ పక్కన పెట్టి తమ ఫారాన్ని తామే ఒకసారి మొదటి నుంచి చివరి దాకా నింపి చూస్తే ఆ లోపం వాళ్ళకే తెలుస్తుంది.

కంప్యూటర్ సెంటర్లు నడిపేవాళ్ళకు ఒక విన్నపం. పిల్లలకు వారంలో ఒక గంట మౌస్ తీసి పక్కన పెట్టించండి. ఆ గంటలో ఒక అర్జీ కొట్టించండి, ఒక ఫారం నింపించండి, ఒక బిల్లు వేయించండి. మొదటి వారం గొణుగుతారు, తర్వాత వాళ్ళే మౌస్ అడగడం మానేస్తారు.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఏ పట్టికా బట్టీ పట్టనక్కర్లేదు. చాలా ప్రోగ్రామ్‌లలో మెనూ తెరిస్తే ప్రతి పని పేరుకు కుడివైపున దాని మీట చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. రేపు పనికి కూర్చున్నప్పుడు మీరు అన్నిటికంటే ఎక్కువసార్లు తెరిచే మెనూ ఏదో గమనించండి. అందులో కుడివైపు ఏం రాసి ఉందో చదివి, ఆ ఒక్క మీటతోనే వారం రోజులు పని చెయ్యండి. రెండోది వచ్చే వారం.